గిటార్‌కి పెట్టిన వంకలు

గిటార్ ఎందుకని అందరూ అడిగారు. నాకు ఇష్టం అని ఒక్కరితోనూ అనలేదు. బ్యాంకులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని వేళ్ళు బిగుసుకుపోతున్నాయని, వాటికి ఏదైనా వ్యాయామం ఉండాలని డాక్టరు గారు అన్నారని చెప్పాను. అలాంటి డాక్టరు గారెవరూ లేరు. మా ఆయన మాత్రం పూర్తిగా నమ్మి, "దానికి గిటారెందుకు, రబ్బరు బంతి పిసికితే సరిపోద్దిగా" అని సాయంత్రానికల్లా ఒక పసుపుపచ్చ బంతి తెచ్చి చేతిలో పెట్టారు. నాలుగు రోజులు ఆయన ఎదురుగా దాన్ని పిసికాను కూడా.

అసలు సంగతి వేరు. కంకిపాడులో మాకు బట్టల కొట్టు ఉంది. కొట్టు వెనక సందులో ఒక చిన్న చర్చి. శనివారం సాయంత్రాలు అక్కడ పాటలు ప్రాక్టీసు చేసేవారు. నేను స్కూలు నుంచి వచ్చి, ఆడవాళ్ళు విప్పించి పడేసి వెళ్ళిపోయిన చీరలన్నీ మడతపెడుతూ ఆ గోడవైపు చెవి వేసి కూర్చునేదాన్ని. పాడేవాళ్ళు మారేవారు, శ్రుతి తప్పేది, కరెంటు పోయి మైకు మూగబోయేది. గిటార్ మాత్రం ఆగేది కాదు. ఆ శబ్దం వింటే ఒంట్లోకి ప్రాణం లేచొచ్చినట్టుండేది నాకు. ఇప్పుడు నలభై దాటాయి. పటమటలో సొంత ఫ్లాటు, నా జీతం నాది, పిల్ల హాస్టల్లో ఉంది. ఒక గిటార్ కొనుక్కోవడానికి ఎవర్నీ అడగాల్సిన పని లేదు. అయినా "నాకు కావాలి" అనే మాట నోటి దాకా వచ్చి అక్కడే కూలబడేది. దానికి కారణం మళ్ళీ మా కొట్టే.

"చీర మీద చెయ్యి రెండోసారి పడిందంటే ఆవిడ కొనేసినట్టే. ఇంక రూపాయి కూడా తగ్గించక్కర్లేదు." గల్లాపెట్టె పక్కన కూర్చుని మా అమ్మ మాకు చెప్పిన మొదటి పాఠం ఇది. ఎక్కాలు తర్వాత వచ్చాయి. కొనేవాళ్ళు ఎలా దొరికిపోతారో అంత బాగా తెలిసిన మనిషి, తను కొనేటప్పుడు దొరికిపోతుందా? అందుకని మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. నచ్చినదాని మీద చెయ్యి వెయ్యకూడదు. దాని మీద చూపు నిలపకూడదు. పైగా దానికి వంకలు పెట్టాలి. ఎంత నచ్చితే అన్ని వంకలు. అమ్మ ఒక వస్తువుని గట్టిగా తిడుతోందంటే అది మా ఇంటికి రాబోతోందని మాకు అర్థం. మా ఫ్లాటు కొన్నప్పుడు అమ్మ దాన్ని హాల్లోంచి బాల్కనీ దాకా తిట్టుకుంటూ నడిచింది. పాపం ఆ బిల్డరు ఒక దశలో, అసలు తను ఎందుకు కట్టానా అన్నట్టు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

ఈ చట్టం కొట్టు దాటాక పనిచెయ్యదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు మా అత్తగారు పనసపొట్టు కూర చేశారు. అంత మంచి కూర నేను జన్మలో తినలేదు. ఎలా ఉందమ్మా అని ఆవిడ అడిగితే, అలవాటుకొద్దీ "ఆవ కాస్త ఎక్కువైనట్టుందండీ" అన్నాను. ఆ ఇంట్లో మళ్ళీ పనసపొట్టు కూర వండలేదు. ఏ శుభకార్యంలోనో విస్తట్లో అది కనిపిస్తే, మా అత్తగారు వడ్డించేవాళ్ళకి అడ్డం పడి "మా కోడలికి వెయ్యకండి, దానికి పడదు" అని ఎంతో ప్రేమగా చెబుతారు.

సరే, గిటార్. కొనేముందు తెలుసుకుందామని ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. నైలాను తీగలైతే వేళ్ళు నొప్పి పుట్టవని ఒకాయన, నొప్పి పుట్టకపోతే అది నేర్చుకోవడమే కాదని ఇంకొకాయన. చవకది కొనండి, మానేస్తే పోయేది తక్కువ అని ఒకరు. చవకది కొంటే మానేసేది ఖాయం అని మరొకరు. కర్ర రకాలు, మెడ వెడల్పు, తీగకీ మెడకీ మధ్య ఎత్తు, అన్నీ కంఠతా వచ్చేశాయి. గిటార్ గురించి నాకు తెలియనిదల్లా వాయించడం ఒక్కటే.

అమ్మని వెంటపెట్టుకుని వెళ్ళాలని నేను అనుకోలేదు. ఫోనులో మాటవరసకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే కంకిపాడు బస్సు దిగి మా గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"నువ్వొక్కదానివే పోతే నీ మొహం చూసి రేటు చెప్తాడే. నేనొస్తా పద."

"నాకు చేతకాదా అమ్మా బేరం చెయ్యడం?"

"బ్యాంకులో చేరాక నీ మొహంలో అన్నీ కనపడిపోతున్నాయి" అంది. ఇది మా ఇంట్లో చాలా పెద్ద తిట్టు.

గవర్నరుపేటలో ఆ సంగీత వాయిద్యాల షాపు మెట్లెక్కి, అమ్మ చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళింది. అక్కడెవరూ విప్పరు. నేనూ విప్పక తప్పలేదు. షాపాయనకి యాభై ఏళ్ళుంటాయేమో, ఆదివారాలు చర్చిలో తనూ వాయిస్తానని మాటల్లో చెప్పాడు. బట్టల కొట్లోలా కూర్చోవడానికి పరుపేమైనా ఉందేమోనని అమ్మ చుట్టూ చూసి, అది లేకపోయేసరికి కీబోర్డు ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"చూపీండి" అంది.

"ఏం చూపించమంటారమ్మా?"

"గిటార్లు."

"ఎట్టాంటివమ్మా?"

"ముందు అన్నీ చూపీండి, తర్వాత చెప్తాం."

ఆయన ఒకటి తీశాడు. అమ్మ దానివైపు సరిగా చూడకుండానే "ఇంకా?" అంది. ఇంకొకటి తీశాడు. "ఇదే రకంలో ఇంకో రంగు?" అంది. కాసేపటికి ఆ బల్ల మీద గిటార్లు వరసగా పడుకుని ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కదాన్నీ బోర్లా తిప్పింది. బట్ట సంగతి వెనకవైపు చూస్తేనే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. బొటనవేలు తడిచేసి రంగు అంటుకుంటుందేమోనని రుద్దింది. ఫోను టార్చి వేసి గుండ్రటి కన్నంలోకి తొంగిచూసి, "లోపల అస్తరు వెయ్యలేదేంటండీ!" అంది.

"ఖాళీగానే ఉండాలమ్మా. శబ్దం అందులోంచే వచ్చిద్ది" అన్నాడాయన.

"ఖాళీక్కూడా రేటు కడతన్నారా?"

ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. తీగ ఒకటి గోటితో గీకి, "ఈ పూత ఉండిద్దా? నల్లబడిద్దా?" అనడిగింది.

"నల్లబడిద్దమ్మా. చెమటకి తుప్పు కూడా పడతాయి. మారుస్తా ఉండాలి."

అమ్మ నావైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. నాకూ ఆశ్చర్యమే. జరీ నల్లబడుతుందని మా కొట్లో ఎవరైనా నోరుజారితే నాన్న గుండె పట్టుకుని కూర్చుంటారు. ఈయన అడగ్గానే చెప్పేస్తున్నాడు. ఈయనకి వ్యాపారం రాదని అప్పుడే గ్రహించి ఉండాల్సింది మేము.

నా చేతులవైపు చూసి ఆయన లోపలినుంచి మరొక గిటార్ తెచ్చాడు. "మీది చిన్న చెయ్యండీ. ఇది పట్టుకు చూడండి" అని ఒళ్ళో పెట్టాడు. మెరుపు లేని మామూలు గోధుమరంగు. బల్ల మీదున్న వాటి పక్కన పెడితే పేదగా ఉంది. పై తీగని ఒక్కసారి బొటనవేలితో లాగాను. ఆ శబ్దం చెవికి వినపడకముందే కర్రలోంచి నా పక్కటెముకల్లోకి వచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ గోడ అవతల ఉన్నది నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. ఇది కావాలి, ఇదే కావాలి, ఇంకేదీ వద్దు అనిపించింది. నా చెయ్యి దాని ఒంటిమీద ఒకసారి నిమిరి, రెండోసారి వెయ్యబోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాను.

ఇక మొదలుపెట్టాను.

"రంగేంటండీ ఇలా వెలిసిపోయినట్టుంది? మరీ బరువుగా ఉంది. ఆ శబ్దం కూడా ఏదో బొంగురుగా..."

అమ్మ చటుక్కున నా మొహంలోకి చూసింది. ఇంత నచ్చిందా అన్నట్టు ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. వెంటనే చీరకొంగు బిగించి రంగంలోకి దిగింది.

"మెడ వంకరగా లేదూ? ఈ చెక్క ఏదో పాత తలుపుది కోసినట్టుంది. ఇదుగో ఇక్కడ గీత కూడా ఉంది. ఉండండి, ఎండలో చూస్తేగానీ అసలు రంగు తెలవదు."

చీరని వీధిలోకి తీసుకెళ్ళి పగటి వెలుతుర్లో చూడటం మా వైపు కొనేవాళ్ళందరి హక్కు. అమ్మ ఆ హక్కుతోనే గిటార్‌ని రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని వీధిలోకి నడిచింది. షాపాయన ఎక్కడ పడిపోతుందోనని దాని కింద రెండు చేతులూ పట్టి వెనకే పరిగెత్తాడు. చెరుకురసం బండి పక్కన ఎండలో నిలబడి అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. చెరుకురసం తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయారు. అప్పుడే స్కూటరు స్టాండు వేస్తున్న ఒక పెద్దమనిషి కూడా ఆగి చూశాడు. "ఎండలో ఇంకా దారుణంగా ఉంది" అని ప్రకటించి అమ్మ లోపలికి వచ్చింది.

"ఎంతకిస్తారేంటి దీన్ని?"

"చీటీ మీద ఉందమ్మా. అంతే." ఆయన గిటార్‌ని అమ్మ చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని నావైపు తిరిగాడు. "ఒకమాట చెప్తానండీ, ఏమనుకోకండి. మీరన్నది నిజమే, ఈ రంగు కొంతమందికి పట్టదు. మొదటి గిటారు మనసుకి నచ్చకపోతే మంచం కింద పడేస్తారండీ. చాలామందిని చూశాను. నచ్చందే కొనకండి. నేనూ అమ్మను."

కొట్టులో ఇన్నేళ్ళు కూర్చున్న అమ్మకి, సరుకు అమ్మనన్న వ్యాపారి తగలడం అదే మొదలు. బేరంలో ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది. దానికి మా దగ్గర ఉన్న జవాబు ఒకటే. "పదవే" అని లేచింది.

బేరం కుదరక బయటికి నడవడంలో అమ్మ ఆరితేరింది. మరీ తొందరగా నడవకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకోవడమే అసలు పని. ఎవరైనా సరే వెనక్కి పిలిచేది ఆ కాస్త సమయంలోనే. అమ్మ ఎడంకాలి చెప్పు కుడికాలికి వేసుకుంది. విప్పింది. దులిపింది. ఇంకోసారి వేసుకుంది. లోపలినుంచి పిలుపు రాలేదు. తలుపు దాకా వచ్చిన షాపాయన, "మెట్టు చూసుకోండమ్మా, జారిద్ది" అని ఎంతో మర్యాదగా చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

నేనూ చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. అప్పుడు లోపలినుంచి వేరే గొంతు వినపడింది. ఇందాక స్కూటరు దిగిన పెద్దమనిషిది, మేం చెప్పుల దగ్గర ఉండగా లోపలికి వెళ్ళినట్టున్నాడు. "ఇందాక ఆ పెద్దావిడ ఎండలో చూపించారు చూడండీ, ఆ గిటారు ఒకసారి ఇస్తారా? భలే ఉందండీ. చూడగానే నచ్చింది. ఇబ్రహీంపట్నంలో మా చర్చి కుర్రాళ్ళకి ఇంకోటి కావాలి."

అంత సులువుగా అనేశాడు. చూడగానే నచ్చింది అని. ఆ మాట దాచడానికి నాకు ఒక డాక్టరు కావలసి వచ్చాడు.

ఒంటి చెప్పుతోనే లోపలికి పరిగెత్తాను.

"అది నాదండీ."

షాపాయన తెల్లబోయాడు. "మీకు నచ్చలేదన్నారు కదండీ?"

"నచ్చింది."

"రంగు వెలిసిపోయిందన్నారు?"

"ఆ రంగే నచ్చింది."

"బరువన్నారు. గొంతు బొంగురుగా ఉందన్నారు."

"బరువు నచ్చింది. ఆ బొంగురూ నచ్చింది."

"మెడ వంకర?"

"అది మా అమ్మ అంది. మెడ కూడా నచ్చిందండీ."

"మరి ఇన్ని వంకలు ఎందుకు పెట్టారండీ?"

"నచ్చినందుకే" అన్నాను. అందరి ముందూ ఏడ్చేస్తానేమోనని భయం వేసింది. "నాకు చిన్నప్పటినుంచీ గిటారంటే చాలా ఇష్టమండీ. నాకు ఇదే కావాలి."

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇబ్రహీంపట్నం ఆయన చేతిలోని గిటార్‌ని నాకు అందించి, "తీసుకోండమ్మా. ఇంత ఇష్టమున్నవాళ్ళ దగ్గర లాక్కుంటే మా పాటలు దేవుడికి చేరవు" అని నవ్వి, బల్ల మీదున్న మిగతావి చూడసాగాడు. తిరిగి చూస్తే గుమ్మంలో అమ్మ నుదుటి మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయింది" అంది. "ఇంక రూపాయి తగ్గడు."

తగ్గలేదు. చీటీ మీద ఉన్నదంతా కట్టాను. నాకు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంది.

"మీ నాన్నకి చూపిద్దాం పద" అని అమ్మ అంటే ఇద్దరం కంకిపాడు బస్సెక్కాం. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేని బస్సు, నిలబడటానికి కూడా చోటు లేదు. వీపున నల్ల సంచీతో నేను ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి తగులుతోంది. "అదేంటమ్మా, వీణా?" అని ఒకావిడ అడిగింది. "కాదండీ, గిటారు. నాకు ఇష్టమని కొనుక్కున్నాను" అని అడగని సంగతి కూడా చెప్పాను. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది. ఆవిడ జరిగి సంచీకి కాస్త చోటిచ్చింది.

పెనమలూరు దాటాక సీట్లు దొరికాయి. అమ్మ కిటికీ పక్కన కూర్చుని నావైపు తిరిగింది. కోపమనుకున్నాను.

"అంతమంది ముందు నచ్చిందని ఎట్టా అనేశావే?"

"అనకపోతే పోయేదిగా అమ్మా."

"పోయేదే" అని కిటికీలోంచి చెరుకుతోటలవైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అటే చూస్తూ, "మీ నాన్నక్కూడా ఇట్టాగే వంకలు పెట్టానే" అంది.

"ఎప్పుడు?"

"పెళ్ళిచూపులప్పుడు. అబ్బాయి ఎట్టా ఉన్నాడే అని మా నాన్న అడిగితే, పొట్టి అన్నా. నడక బాలేదన్నా. చెవులు చేటలంత ఉన్నాయన్నా. మావాళ్ళకి అర్థమైపోయింది. సాయంత్రానికల్లా తాంబూలాలు పుచ్చేసుకున్నారు."

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"మీ నాన్న పక్క గదిలోనే ఉన్నారు. అన్నీ విన్నారు."

నాన్నవాళ్ళది నేతపని చేసిన ఇల్లు. నేసినవాళ్ళు బాగున్నదాన్ని బాగుందనే అంటారు. వ్యాపారం అమ్మవాళ్ళ ఇంటినుంచి వచ్చింది, దానితోపాటు మా చట్టమూ వచ్చింది. పెళ్ళయ్యాక నాన్న కొట్లో కూర్చుని ఆ చట్టం నేర్చుకున్నారు గానీ, ఆ రోజు విన్న మాటలకి దాన్ని అన్వయించుకోవాలని ఆయనకి తోచినట్టు లేదు. నాన్న జుట్టు ఎప్పుడూ చెవుల మీదికి దువ్వుకుంటారు. రోహిణీకార్తె ఎండల్లో కూడా పక్కలు కత్తిరించనివ్వరు, ఆ విషయంలో సెలూనతనితో ప్రతిసారీ గొడవే. పాతకాలం ఫ్యాషనని మేమంతా ఏడిపించేవాళ్ళం. నా నవ్వు ఆగిపోయింది.

"ఒక్కసారైనా చెప్పలేదా అమ్మా?"

"ఎట్టా చెప్తానే? అలవాటు లేని మాట" అంది.

మేం వెళ్ళేసరికి నాన్న ఎవరో కస్టమరుకి జాకెట్టు గుడ్డ కొలుస్తున్నారు. సంచీ విప్పి గిటార్‌ని చీరల మధ్య పెట్టాను. కత్తెర చేతిలో ఉండగానే నాన్న దాని మీద అరచెయ్యి మొత్తం ఆనించి నిమిరారు, ఒకసారి కాదు, చాలాసార్లు. "మంచి పనితనం" అన్నారు. తర్వాత అమ్మని అడిగారు. "ఎంతకి దించావు?"

"చీటీ మీద ఉన్నంతా ఇచ్చి వచ్చాం."

"నువ్వు పక్కనుండగానా?"

"దీనికి నచ్చిందంట. నచ్చిందని అందరి ముందూ చెప్పేసింది." అమ్మ గల్లాపెట్టె పక్కన తన చోటికి వెళ్ళి నిలబడింది, కూర్చోలేదు. "నాక్కూడా నచ్చారు."

"ఎవరు, ఆ షాపాయనా?"

"ఆయనెందుకు నచ్చుతాడండీ! మీరు. పెళ్ళిచూపుల రోజున. అప్పుడు నేను పెట్టిన వంకలన్నీ నచ్చి పెట్టినవే."

కస్టమరు ఒకసారి అమ్మవైపు, ఒకసారి నాన్నవైపు, ఒకసారి గిటార్‌వైపు చూసింది. నాన్న కొలిచిన గుడ్డనే మళ్ళీ కొలిచారు.

"చెవులు కూడానా?" అన్నారు చివరికి.

"చెవులే ముందు" అంది అమ్మ.

నాన్న కత్తెర బల్ల మీద పెట్టి, రెండు చేతులతో జుట్టుని చెవుల వెనక్కి తోసుకున్నారు.